పచ్చ వైరు తీసేసిన వారం

ముప్పై మూడేళ్ల మనిషి "నేను రిటైరయ్యాను" అంటే ఎవరైనా నవ్వుతారు. మా ఆయనా నవ్వాడు. కానీ యానాంలో జోజప్ప మాస్టారి రిపేరు షాపులో తొమ్మిదేళ్లు పనిచేసి, పాప పుట్టాక మానేసి, ఏడాది దాటినా మళ్లీ ఆ బల్ల ముందుకు వెళ్లలేకపోయిన నాకు ఇంకో మాట దొరకలేదు. సోల్డరింగ్ పొగ పట్టిన బట్టలతో పాపని ఎత్తుకోవాలంటే భయం. పాపని ఎవరికైనా అప్పజెప్పి వెళ్లాలంటే ఇంకా భయం. రెండు భయాల మధ్య ఉద్యోగం పోయింది.

ఈమధ్య పాలిటెక్నిక్ పూర్తిచేసిన ఇద్దరమ్మాయిలు షాపులో చేరారు. గిటార్ ఆంప్‌లలో వచ్చే హమ్ గురించి వాళ్లకి చెప్పడం తన వల్ల కావట్లేదని మాస్టారు ఫోన్ చేశారు. "చేతులతో అయితే చూపిత్తాను గానీ, ఎందుకూ ఎందుకూ అని అడుగుతున్నారే! నీలాగే. నువ్వే ఏదో ఒకటి రాసి పెట్టు సునీతా" అన్నారు. అందుకే పాప పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను. సర్క్యూట్లు మీరు పుస్తకాల్లో చదువుకునే ఉంటారు. పుస్తకంలో లేనివే రాస్తాను. అందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. అది రాయకపోతే మిగతాదంతా రాయడం దండగ.

నోటితో అనండి

గిటార్ ఆంప్ అంటే గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె. తీగ మీటకపోయినా అది రొద పెడుతూ ఉంటే దాన్ని హమ్ అంటాం. ఆంప్ మోసుకొచ్చిన ప్రతి మనిషీ "హమ్ వస్తోందండి" అనే అంటాడు. జ్వరం వచ్చిందని చెప్పినట్టే. ఏ జ్వరమో చెప్పడు.

మాస్టారు ఆంప్ వైపు చూడకుండా ముందు మనిషి వైపు చూసేవారు. "ఎలా వస్తోందో నోటితో అనండి."

పెళ్లిళ్లలో పాడే బృందాల వాళ్లు, కాలేజీ లెక్చరర్లు, ఒకసారి ఖాకీ బట్టల్లోనే వచ్చిన హెడ్ కానిస్టేబుల్ గారు, అందరూ సిగ్గుపడుతూనే మా కౌంటర్ ముందు నిలబడి శబ్దం చేసినవాళ్లే. ఒకరు "ఊఁఁఁ" అని లోపల్నుంచి మూలిగేవారు. ఒకరు "బర్‌ర్‌ర్" అనేవారు. ఇంకొకరు పళ్లు బిగించి "జ్‌జ్‌జీ" అనేవారు. పక్క కొట్టు వాళ్లు ఆటో వాళ్లని పిలిచి మరీ చూపించేవారు.

మొదట్లో నేనూ నవ్వాను. ఆర్నెల్లకి అర్థమైంది, ఆయన సగం రిపేరు అక్కడే చేసేస్తున్నారని. లోతుగా, సాఫీగా వచ్చే "ఊఁ" చాలాసార్లు ఎర్త్‌కి సంబంధించింది. గరుకుగా ఉండే "బర్‌ర్" అయితే కరెంటుని నున్నగా చేయాల్సిన పెద్ద కెపాసిటర్లు ముసలివైపోయాయని అనుమానించాలి. "జీ" మంటే బయటి నుంచి, అంటే లైటు నుంచో రెగ్యులేటర్ నుంచో గిటార్‌లోకి దూరుతున్నట్టు. ఎప్పుడూ ఇలాగే అని కాదు. ఎక్కడ వెతకడం మొదలుపెట్టాలో తెలుస్తుంది, అంతే.

ఆ తర్వాత మూడు పనులు. వాల్యూమ్ సున్నా చెయ్యండి. అయినా రొద తగ్గకపోతే తప్పు పెట్టె లోపల, కరెంటు వైపు ఉంది. తగ్గితే గిటార్ కేబుల్ పీకండి. పీకగానే ఆగితే కేబుల్‌నో గిటార్‌నో చూడండి. ఆగకపోతే పెట్టెలోనే ముందు భాగం చూడాలి. మూడోది, ఆంప్ ఎర్త్ సరిగా ఉందని మీటరుతో చూసుకున్నాకే, తీగల మీద చెయ్యి వేసి వినండి. చెయ్యి వేస్తే తగ్గితే మీ ఒళ్లు ఆ రొదకి అడ్డుపడుతోందన్నమాట. గిటార్ లోపలి కవచం సరిగా లేదు. ఈ మూడూ చేయకుండా మూత విప్పిన వాళ్లకి మాస్టారు స్క్రూడ్రైవర్ ఇవ్వరు. లాక్కుంటారు కూడా. నా దగ్గర రెండుసార్లు లాక్కున్నారు.

మూత విప్పాల్సి వస్తే ఒక మాట. ప్లగ్ పీకినంత మాత్రాన లోపల కరెంటు పోదు. పెద్ద కెపాసిటర్లలో నిలవ ఉంటుంది. దాన్ని వదిలించి, మీటరుతో చూసుకున్నాకే వేలు పెట్టాలి.

వాస్తు కాదు

అగ్రహారంలో రొయ్యల చెరువులు చేసే ఒకాయన యాభై దాటాక గిటార్ నేర్చుకోవడం మొదలుపెట్టారు. కొత్త ఆంప్, కొత్త గిటార్. "జీ" మంటోందని మూడు నెలల్లో రెండు కేబుళ్లు మార్చారు, ఆంప్ కూడా అమ్మేద్దామనుకున్నారు. మేం వాళ్లింటికి వెళ్లాం. మాస్టారు పెట్టె ముట్టుకోలేదు. ఆయన్ని గిటార్‌తో సహా తిరిగే కుర్చీలో కూర్చోబెట్టారు.

"మెల్లగా తిరగండి. ఇంకొంచెం. ఇంకొంచెం. ఆ, ఆగండి."

రొద సగానికి పడిపోయింది. ఆ పెద్దమనిషి కళ్లు పెద్దవి చేశారు. "ఏటండీ, వాస్తు చూత్తన్నారా? ఈశాన్యం కూడా కాదే ఇది!"

"మీ ఫ్యాను రెగ్యులేటర్ వాస్తండి" అన్నారు మాస్టారు. "సునీతా, ఆ ఫ్యాను కట్టెయ్."

ఫ్యాను ఆగింది. రొద ఆగింది. గిటార్‌లో తీగల కింద ఉండే పికప్ కూడా ఒక తీగచుట్టే. చుట్టుపక్కల కరెంటు చేసే అల్లరినంతా అది వింటుంది. ఎటు తిరిగితే తక్కువ వింటుందో మనిషి తిరిగి చూడాలి. రెగ్యులేటర్ మార్పించి వచ్చేశాం. దారిలో నేను, ఇంత చిన్నదానికి ఇంత దూరం వచ్చామా అన్నాను. "ఆయన ఆంప్ అమ్మేసుంటే పెద్దదయ్యేది" అన్నారు.

ఆయన గురించి ఉన్నదున్నట్టు

మాస్టారంటే నాకున్న గౌరవం ఇక్కడ దాచే పని లేదు. కానీ లోపాలు లేవని రాస్తే మీరు రేపే నన్ను అబద్ధాలకోరు అంటారు. చెప్పిన రోజుకి వస్తువు తిరిగివ్వడం ఆయన జన్మలో జరగలేదు. ఒక పెట్టె అర్థం కాకపోతే నాలుగు రోజులు దానివైపు చూడనే చూడరు, రిపేరుకిచ్చినవాళ్లు ఫోన్లు చేస్తే నా చేతికిచ్చి టీకి వెళ్లిపోతారు. మెచ్చుకోవడం రాదు. నేను మొదటిసారి ఒంటరిగా ఒక పవర్ సప్లై బాగుచేసిన రోజు ఆయన అన్నది, "ఆ స్క్రూ వంకరగా ఉంది."

ఆ ఫోన్లు ఎత్తీ ఎత్తీ నాకు తొందర అలవాటైంది. రేపిస్తాం, ఎల్లుండిస్తాం అని నేనే మాటిచ్చేదాన్ని. ఆ తొందరే దరియాలతిప్ప దాకా తీసుకెళ్లింది.

నేను చేసిన పని

షాపులో నా మూడో ఏడాది. దరియాలతిప్పలో ఒక చిన్న చర్చిలో పాటల బృందం ఉంది. అందులో గిటార్ వాయిస్తూ పాడే కుర్రాడు కిరణ్, కాకినాడలో డిగ్రీ చదువుతున్నాడు. వాళ్ల నాన్న వేటకి వెళ్తాడు. అమ్మ మరియమ్మ గారు చర్చి ఊడ్చి కడిగే పని చూసుకునేవారు. కిరణ్ పాత ఆంప్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్నాడు. ఆ ఆదివారం వాళ్ల చర్చి పండగ.

ఆంప్ రెండుసార్లు మా షాపుకి వచ్చింది. బల్ల మీద పెడితే నోరెత్తదు. చర్చిలో పెడితే "ఊఁ" అని మొదలుపెడుతుంది. కిరణ్‌కి విసుగొచ్చింది.

"మీ షాపులో సన్యాసిలా కూకుంటది అక్కా. మా గుళ్లోకి రాగానే మా ఫాదర్ కంటే ముందు ఇదే మొదలెడతది."

మాస్టారు నాలుగు రోజులుగా దానివైపు చూడటం లేదు. పండగ దగ్గరకొస్తోంది. బుధవారం నాడు ఆంప్ తీసుకుని నేనే చర్చికి వెళ్లాను. వినగానే సంగతి అర్థమైంది. ఆరాధనలప్పుడు గిటార్ హాలంతా వినపడాలని, ఆంప్ నుంచి మైకులన్నీ కలిసే మిక్సర్ పెట్టెకి ఒక కేబుల్ వేస్తారు; నాకూ అలాగే వేసి వినిపించారు. ఆంప్ ఈ గోడ ప్లగ్‌లో ఉంది, మిక్సర్ ఆ చివరి గోడ ప్లగ్‌లో ఉంది. రెండింటికీ ఎర్త్ ఉంది. కేబుల్ లోపలి తీగ చుట్టూ ఉండే రాగి కవచం ఆ రెండింటినీ మళ్లీ కలుపుతోంది. అంటే ఎర్త్ గుండ్రంగా ఒక ఉచ్చులా తయారైంది. ఆ ఉచ్చులో తిరిగే కరెంటే ఆ "ఊఁ". షాపులో మిక్సర్ ఉండదు కాబట్టి ఉచ్చూ లేదు, రొదా లేదు.

ఇంతవరకు నేను కనిపెట్టింది సరైనదే. ఇప్పటికీ దానికి నాకు గర్వమే. తర్వాత చేసిందే తప్పు. ఉచ్చు తెగ్గొట్టడానికి ఆంప్ మూత విప్పి, ఎర్త్ వెళ్లే పచ్చ వైరు పీకి, టేపు చుట్టి పక్కకి తోసేశాను. ఇంటర్నెట్‌లో ఒక వీడియోలో చూశాను అలా చేయడం. హమ్ దీపం ఆర్పినట్టు ఆగిపోయింది. కిరణ్ ఎగిరి గంతేశాడు. మరియమ్మ గారు నా చేతికి ఒక సీసా నిండా రొయ్యల పచ్చడి పెట్టారు.

"రెండు వారాలు మొకం మాడ్సుకుని తిరిగేడమ్మా. ఇయ్యాల నవ్వేడు" అన్నారు.

శనివారం మధ్యాహ్నం టీ తాగుతూ మాస్టారు అడిగారు.

"దరియాలతిప్ప పెట్టె ఏదీ? కనపడదే?"

"అయిపోయింది మాస్టారూ. బుధవారమే."

"ఏటి దానికి?"

చెప్పాను. మిక్సర్, రెండు గోడలు, ఉచ్చు. ఆయన తలూపుతున్నారు. మూడేళ్లలో ఆయన అంత సేపు తలూపడం నేను చూడలేదు.

"మరి ఉచ్చు ఎలా తెంపేవ్?"

"ఆంప్‌లో పచ్చ వైరు తీసేశాను."

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టేశారు. "ఎవరు చెప్పేరే నీకు?"

వీడియో సంగతి చెప్పాను. ఆ వీడియో ఆయనకి కూడా పంపాను కదా, చూడలేదా అన్నాను. ఫోన్ తీసి పెట్టమన్నారు. చూశారు. వీడియోలో ఒక విదేశీ మనిషి, మందపాటి తివాచీ మీద నిలబడి ఆంప్ విప్పుతున్నాడు. మాస్టారు వేలుతో తెర మీద కింది భాగం చూపించారు.

"ఆడి కాళ్లు చూడు."

బూట్లు. లావాటి రబ్బరు అడుగు ఉన్న బూట్లు.

"కిరణ్ గుళ్లో ఏటి తొడుక్కుంటాడు?"

మన చర్చిల్లో ఎవరూ చెప్పులతో లోపలికి రారు. గుమ్మం బయట విడిచి వస్తారు. బూట్లున్నా అది తప్పే. కానీ ఇక్కడ వాయించేవాడు ఒట్టి కాళ్లతో నేల మీద నిలబడి, ఒక చేత్తో తీగలు పట్టుకుని, పెదవులు మైకుకి ఆనించి పాడతాడు. మైకుకి మిక్సర్ నుంచి ఎర్త్ ఉంది. తీగలకి నేను లేకుండా చేశాను. ఆంప్‌లోని పాత ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కరెంటు పెట్టె ఇనుముకి ఎక్కితే, గిటార్ కేబుల్ వెంట తీగలకీ వస్తుంది; అది భూమిలోకి పోవడానికి కిరణ్ ఒక్కడే దారి.

"బండెక్కు" అన్నారు మాస్టారు.

కడిగిన నేల

వెనక కూర్చుని పన్నెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. సాయంత్రం ప్రాక్టీసు ఉంటుందని నాకు తెలుసు. మాస్టారు స్కూటర్ ఎప్పుడూ ముప్పై దాటించరు. ఆ రోజు గతుకులు చూసుకోలేదు.

చర్చి గుమ్మం దగ్గర చెప్పులు కుప్పగా ఉన్నాయి. లోపల మరియమ్మ గారు బకెట్లతో నీళ్లు కొట్టి నేల కడుగుతున్నారు, రేపు పండగ కదా. నీళ్లు ఇంకా ఆరలేదు. కిరణ్ గిటార్ మెడలో వేసుకుని మైకు ముందు నిలబడి ఉన్నాడు. ఆంప్ ఎర్రలైటు వెలుగుతోంది.

మాస్టారు గుమ్మం దగ్గర నుంచే అరిచారు. "బాబూ, కదలకు! మైకు ముట్టుకోకు!" గోడవారనే పరిగెత్తి ప్లగ్ పీకేశారు.

కిరణ్ కంగారుగా నవ్వాడు. "ఏటయ్యిందండీ? హమ్ లేదండి, బ్రహ్మాండంగా ఉందండి. మైకే, మూడ్రోజుల్నించీ మూతి దగ్గర పెడితే చిన్నగా కరుత్తోంది. చీమ కుట్టినట్టు."

మూడు రోజుల నుంచి. హమ్ పోయిన సంతోషంలో వాడు ఎవరికీ చెప్పలేదు. ప్రాక్టీసుకి ఆంప్ నుంచి మిక్సర్‌కి వెళ్లే కేబుల్ కూడా పెట్టరు, అంటే ఆ పెట్టెకి కేబుల్ కవచం ద్వారా దొరికే కాస్త ఎర్త్ కూడా లేదు.

మాస్టారు వాణ్ణి గిటార్ తీసి కుర్చీ మీద పెట్టమన్నారు. రబ్బరు చెప్పులు తెప్పించి వేసుకుని, ప్లగ్ మళ్లీ పెట్టి, టెస్టర్ తీగకి ఆనించారు. టెస్టర్ వెలిగింది.

మరియమ్మ గారు చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. "అదేటి? ఎందుకెలిగింది?"

మాస్టారు ప్లగ్ పీకేసి నావైపు తిరిగారు. "నువ్వు చెప్పు."

ఆయన చెప్తారని అనుకున్నాను. షాపు ఆయనది, పేరు ఆయనది. "ఏదో చిన్న లోపం, సరిచేస్తాం" అంటే అయిపోయేది. ఆయన తప్పు మీదేసుకోలేదు, నాది దాచలేదు. పక్కకి జరిగి నాకు చోటిచ్చారు. ఆ రోజు కోపం వచ్చింది. తొమ్మిదేళ్లలో ఆయన నాకు చేసిన అతి పెద్ద మర్యాద అదే అని ఇప్పుడు అంటాను.

"నేనే చేశానండి" అన్నాను. "హమ్ ఆపాలని ఎర్త్ వైరు తీసేశాను. తీయకూడదు. మీ అబ్బాయికి షాక్ కొట్టేది. ఇప్పుడు కొడుతున్నది చిన్నదే. లోపల ఏదైనా కాలితే చిన్నది కాదు."

ఆవిడ తన తడి కాళ్ల వైపు, నేల వైపు, కొడుకు వైపు చూశారు. తిడతారనుకున్నాను. తిడితే బావుండేది.

"నీళ్లు కొట్టింది నేనేనమ్మా" అన్నారు చాలా చిన్నగా.

ముందు నువ్వు

మాస్టారు వేరే ఆంప్ తెచ్చిస్తానన్నారు. మరియమ్మ గారు ఒప్పుకోలేదు. ఆవిడ నన్నే చూస్తున్నారు.

"ఈ అమ్మాయే సెయ్యాలి. ఇక్కడే. నేను సూత్తాను."

ఆవిడ బెంచీ లాక్కుని నా పక్కనే కూర్చున్నారు. మూత విప్పాను, కెపాసిటర్లు ఖాళీ చేశాను. మాస్టారు సాయానికి రాలేదు, కిటికీ దగ్గర నిలబడ్డారు. టేపు విప్పి, పచ్చ వైరు కొస గీకి, పెట్టె ఇనుప పలకకి బోల్టు వేసి బిగించాను. లాగి చూశాను. ఆవిడ కూడా వంగి వేలితో లాగి చూశారు. "ఊడదా?" "ఊడదండి." "ఇంకోసారి బిగించు." బిగించాను.

ఉచ్చు తెంపడానికి సరైన దారి వేరే ఉంది. ఎర్త్‌ని ముట్టుకోకూడదు, శబ్దం వెళ్లే దారిని ముట్టుకోవాలి. ఆంప్, మిక్సర్ రెండూ ఒకే బోర్డు మీదకి వచ్చేలా వైరు లాగాం. మిక్సర్‌కి వెళ్లే కేబుల్ మధ్యలో మాస్టారు స్కూటర్ డిక్కీలోంచి తీసిచ్చిన చిన్న డబ్బా పెట్టాను. అందులో ఉండే ట్రాన్స్‌ఫార్మర్ శబ్దాన్ని దాటనిస్తుంది, రెండు కవచాలని కలవనివ్వదు. మాస్టారు వచ్చి మీటరు ఒక కొస తీగకి, ఒక కొస మైకుకి పెట్టారు. సున్నా. కేబుల్ పీకి మళ్లీ చూశారు. సున్నా. టెస్టర్ వెలగలేదు.

"అయిందమ్మా. బాబూ, వాయించు" అన్నారు.

కిరణ్ కదిలాడు. మరియమ్మ గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ముందు ఈ అమ్మాయి ముట్టుకోవాలి."

మాస్టారు నావైపు చూసి, ఇంకోసారి మీటరు పెట్టి చూపించారు, అంతే. నేను పనికోసం వేసుకున్న రబ్బరు చెప్పులు విడిచాను. నేల చల్లగా ఉంది, ఇంకా చెమ్మగా ఉంది. గిటార్ మెడలో వేసుకున్నాను. నాకు వాయించడం రాదు. ఎడమ చేత్తో ఆరు తీగలూ కలిపి పట్టుకుని, వంగి, పెదవులు మైకు జాలీకి ఆనించాను. మైకు ఇనుము రుచి తగిలింది. ఇంకేం తగల్లేదు.

"హలో" అన్నాను. నా గొంతు హాలంతా వినిపించింది.

అమ్మాయిలూ, మీటరు చూసుకున్నాక ఈ పని చెయ్యకుండా ఆంప్ ఏదీ ఆ తర్వాత ఆరేళ్లలో నా చేతి మీదుగా బయటికి పోలేదు. వాయించేవాడు ఎలా నిలబడతాడో అలా. మీరూ చెయ్యండి. మీటరు సున్నా అన్నాకే, అంతకుముందు కాదు.

ఆ నిశ్శబ్దంలో స్పీకర్ దగ్గర బాగా చెవి పెడితే ఇంకా కొంచెం "ఊఁ" వినిపిస్తోంది. నేను పట్టించుకోకూడదనుకున్నాను. మరియమ్మ గారు పట్టేశారు.

"ఆ రొద ఇంకా ఉంది కదా?"

"కొంచెం ఉంటుందండి. పూర్తిగా తియ్యాలంటే..."

"తియ్యకు" అన్నారావిడ. కొడుకు చేతికి గిటార్ అందించి, బకెట్లో మిగిలిన నీళ్లు బయట పారబోయడానికి వెళ్లారు.